తప్పడం, ఓడడం, ఫెయిలవడం

మా చొప్పదండి వైపు వడ్లు అమ్ముకునే రోజులలో అందరి నోటా వినిపించే మాట 'తాలు'. పైకి వడ్లగింజలాగే ఉంటుంది, లోపల బియ్యం ఉండదు. తూర్పారబడితే గాలికి పోతుంది. తూకం దగ్గర 'తప్ప, తాలు' పేరిట రైతుకు కోత పడుతుంది. 'వైఫల్యం' అన్న సంస్కృత పదానికి వ్యుత్పత్తి కూడా ఇదే: విఫలం, అంటే ఫలం లేనిది. నిఘంటువులోని మాటా కళ్లంలోని మాటా ఒకే పోలికను పట్టుకున్నాయని నాకు చాలా ఆలస్యంగా స్ఫురించింది. అప్పటినుండి ఓటమిని చెప్పే మాటల వెంట పడ్డాను.

మొదట శాసనాలు గుర్తుకు రావడం సహజం. మాకు పొరుగున గంగాధర మండలంలో, కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట ఉంది. 10వ శతాబ్దంలో పంపకవి తమ్ముడు జినవల్లభుడు ఆ గుట్టమీది బండపై సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో శాసనం వేయించాడు. అందులోని మూడు కందపద్యాలు తెలుగులో మనకు దొరికిన తొలి కందాలుగా ప్రసిద్ధి కెక్కాయి. అన్నగారి కీర్తీ, తాను చేయించిన జిన ప్రతిమలూ ఆ శాసనానికి విషయాలు. శాసనాల తీరే అంత. జయానికి రాయి దొరుకుతుంది, అపజయం కోసం ఎవరూ ఉలి పట్టరు. దాని చరిత్రను జనం నోటి మాటలలోనే వెదకాలి.

మా వైపు వానలు లేని ఏడు 'కాలం కాలేదు' అంటారు. అప్పు చేసి వేయించిన బోరులో నీళ్లు రాకపోతే 'బోరు పడలేదు' అంటారు. చేను ఎండితే 'పంట పోయింది' అంటారు. ఈ వాక్యాలలో కర్త ఎవరో గమనించండి. కాలం, బోరు, పంట. రైతు అక్కడే నిలబడి ఉన్నాడు, నష్టమంతా అతడిదే, కాని వ్యాకరణం అతడిని దోషిగా నిలబెట్టలేదు. పాతవాళ్లు 'వాడికి పరీక్ష తప్పింది' అన్నప్పుడూ అంతే. తప్పినది పరీక్ష. మన భాషలో మనిషిని కించపరిచే మాటలు లేవని కాదు. నిర్భాగ్యుడు, నష్టజాతకుడు అన్నవి మనవే. అయితే అవి కూడా నెపాన్ని నుదుటిరాతమీదికి నెడతాయి.

ఇంగ్లీషులోనూ 'ఫెయిల్యూర్' మొదటినుండీ మనిషికి పేరు కాదు. 19వ శతాబ్దపు తొలి రోజులలో అమెరికాలో ఆ మాటకు ముఖ్యంగా వ్యాపారం దివాలా తీయడమనే అర్థం ఉండేదనీ, ఆ శతాబ్దం గడిచేసరికి అది మనిషి స్వభావానికి ముద్రగా మారిందనీ చరిత్రకారుడు స్కాట్ శాండేజ్ 2005లో వెలువడిన 'బార్న్ లూజర్స్' అనే గ్రంథంలో వివరించాడు. 1841లో న్యూయార్కులో లూయిస్ టాపన్ వర్తకుల పరపతిని నమోదు చేసి అమ్మే సంస్థను స్థాపించాడు. ఎవరు నమ్మదగినవారో, ఎవరు కారో దాని చిట్టాలు చెప్పేవి. ఆ విధంగా ఒక సంఘటన ఒక మనిషికి చిరునామా అయింది.

మన దగ్గర ఆ పని చేసిన చిట్టా పరీక్షా ఫలితాల పట్టిక. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాక పాసు, ఫెయిలు అన్న జంట పదాలు ఇంటింటికీ చేరాయి. నిజాం రాజ్యంలో 1918లో ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది. ఉర్దూలో ఓడినవాడు 'నాకామ్', అంటే కోరిక తీరనివాడు. ఆ మాటలో కొంత జాలి ఉంది. 'ఫెయిల్'లో అదీ లేదు. 'పరీక్ష తప్పింది' కాస్తా 'వాడు ఫెయిలయ్యాడు' అయింది, చివరికి 'వాడొక ఫెయిల్యూర్' అయింది. కర్త స్థానంలోకి మనిషి వచ్చి కూర్చున్నాడు.

ఇదంతా పదచర్చ అనుకునేవారికి 2019ని గుర్తు చేయాలి. ఆ ఏడు ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాయి. తరువాతి రోజులలో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని జన్నారంలో ఒక విద్యార్థినికి తెలుగులో సున్న మార్కులు వేశారు. మళ్లీ చూస్తే అవి 99! ప్రభుత్వం త్రిసభ్య సంఘాన్ని నియమించింది, తప్పినవారందరి జవాబుపత్రాలనూ ఉచితంగా తిరిగి పరిశీలింపజేసింది. వెయ్యి మందికి పైగా ఉత్తీర్ణులయ్యారు. అంతవరకు వాళ్లూ 'ఫెయిలైనవాళ్లే'.

'ఫెయిల్'కు మూలమైన లాటిన్ ధాతువు 'ఫాలెరే'. దాని అర్థం మోసగించడం. ఆ సున్న విషయంలో మోసగించింది పట్టిక, కాని ఫెయిలైన పేరు అమ్మాయిది. నిజంగానే 30 మార్కులు వచ్చిన పిల్లవాడి సంగతీ నాకు వేరుగా తోచదు. వాడికి తప్పినది ఒక పరీక్ష.

తాలు పోసిన రైతు మరుసటి కారుకు మళ్లీ నారు పోస్తాడు. అతడిని ఎవరూ 'తాలు మనిషి' అనరు. మన ఇళ్లలో ఫలితాలు వచ్చిన సాయంత్రం ఏ క్రియాపదం వాడాలో ఆ రైతును అడిగితే చాలుననిపిస్తుంది. మీ ప్రాంతాలలో ఓటమికి ఏ మాటలున్నాయో, వాటిలో కర్త ఎవరో, దయచేసి తెలియజేయండి.