మంచుబండి: ఘర్షణకు మిత్రుడు, ఘర్షణకు శత్రువు

మంచు మీద నడచు మోటారు బండి కదలవలెనన్నను నిలువవలెనన్నను మంచుపై పట్టు కావలెను. కాని మంచు సులభముగా పట్టు నిచ్చు పదార్థము కాదు. కనుక ఈ బండి చరిత్ర, ఘర్షణను ఒకచోట పెంచి మరియొకచోట తగ్గించుటకు మానవుడు చేసిన ప్రయత్నముల చరిత్రయే.

కెనడా దేశమున క్వెబెక్ రాష్ట్రములో వాల్‌కూర్ అను చిన్న ఊరు కలదు. అచ్చట 1907లో జన్మించిన జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే 1922లో, 15 ఏండ్ల ప్రాయమున, పాత ఫోర్డు కారు ఇంజనును స్లెడ్జికి బిగించి, వెనుక ఒక పెద్ద పంకాను త్రిప్పుచు మంచుపై నడిపెను. పంకా ప్రమాదకరమని తండ్రి ఆ యంత్రమును విప్పించివేసెను. బాలుడు ఆశ విడువలేదు. పెరిగి మోటారు మరమ్మతు దుకాణము పెట్టి, తీరిక దొరికినప్పుడెల్ల మంచుబండికై ప్రయోగములు సాగించెను.

ఆ కాలమున క్వెబెక్ పల్లెల దారులు శీతకాలమంతయు మంచుతో మూసుకొనిపోయెడివి. 1934 శీతకాలమున ఆయన రెండేండ్ల కుమారుడు అపెండిసైటిస్ వ్యాధికి గురియయ్యెను. ఆస్పత్రి దూరము, దారి లేదు, దుకాణములోని బండి ఇంకను ప్రయాణమునకు సిద్ధము కాలేదు. బిడ్డ దక్కలేదు. మరుసటి సంవత్సరమే బొంబార్డియే రబ్బరు తొడిగిన పండ్లచక్రమును, దానిపై తిరుగు రబ్బరు పట్టాను రూపొందించెను. 1937లో దీనికి పేటెంటు లభించెను. ఏడుగురు కూర్చుండదగిన ఆయన బండ్లు వైద్యులకును, తపాలాకును ఉపయోగపడినవి. 1948లో క్వెబెక్ ప్రభుత్వము దారులపై మంచును తొలగింపజేయుటకు పూనుకొనగా పెద్ద బండ్లకు గిరాకి తగ్గెను. 1959లో ఆయన చిన్నదియగు ‘స్కీ-డూ’ను వెలువరించెను. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున కార్ల్ ఎలియాసన్ 1924లోనే ఇట్టి చిన్నబండి నొకదానిని నిర్మించియుండెను.

ఇక నిలుపుట సంగతి. మంచుబండికి ముందు రెండు స్కీలు, వెనుక పట్టా ఉండును. స్కీలకు బ్రేకు లేదు. బ్రేకు పట్టాను మాత్రమే ఆపగలదు; బండిని ఆపవలసినది పట్టాకును మంచుకును నడుమనున్న ఘర్షణ. ఒక లెక్క చూతము. బండి గంటకు 54 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకనుకు 15 మీటర్లు పోవుచున్నదనుకొందము. ఘర్షణ గుణకము 0.3 అయినచో బ్రేకు పట్టిన తరువాత సుమారు 38 మీటర్లలో నిలుచును. గుణకము 0.1 అయినచో 115 మీటర్లు పోవును. చేయి బ్రేకును చేరుటకు ఒక సెకను పట్టినచో మరి 15 మీటర్లు కలుపవలెను. వేగము రెండింతలైనచో బ్రేకు పట్టిన పిమ్మట పోవు దూరము నాలుగింతలగును. రాత్రి దీపపు వెలుగు పడుమేరకంటె ఈ దూరము ఎక్కువైనచో ఎదుట చెట్టు కనబడునప్పటికే ఆలస్యమైపోవును. కనుక మలుపునకు ముందే వేగము తగ్గించుట, బ్రేకును ఒక్కసారిగా బిగబట్టక కొద్దికొద్దిగా నొక్కుట క్షేమకరము. పట్టా పూర్తిగా బిగిసిపోయినచో బండి వెనుకభాగము ప్రక్కకు జారును.

మంచు ఇంతగా జారుటకు కారణమేమి? కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు బౌడెన్, హ్యూస్ 1939లో ఈ విషయమును పరిశోధించి, జారు వస్తువు క్రింద ఘర్షణవలన పుట్టిన వేడికి మంచు కొంత కరగి పలుచని నీటి పొర ఏర్పడునని చూపిరి. ఆ నీటి పొరయే కందెన. మంచు తనకు తానే నూనె రాచుకొనుచున్నదన్నమాట.

పలుచని ద్రవపు పొర ఇంతపని చేయగలదని తెలిసినది రైలుబండ్ల ఇరుసుల వలన. 1883 ప్రాంతమున ఇంగ్లండులో బోషాంప్ టవర్ ఇరుసు బేరింగులను పరీక్షించుచు, బేరింగు పైభాగమున ఒక రంధ్రము చేసెను. దానినుండి నూనె పైకి ఉబికెను. కొయ్యబిరడా పెట్టినను నూనె దానిని త్రోసివేసెను! తిరుగు ఇరుసు నూనెను లోనికి లాగికొని, ఆ ఒత్తిడితో బరువును మోయుచున్నదని ఇందువలన తేలెను. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దీనికి గణిత సిద్ధాంతము నొసగెను. మన రైతు బండి ఇరుసుకు పెట్టు కందెనయు లోహమునకును లోహమునకును నడుమ ఒక పొరగా నిలిచియే ఇరుసును కాపాడును.

మంచుబండిలో ఈ పొర కావలసిన చోట్లు పెక్కు. రెండు ఘాతముల ఇంజనులో గాలియు పెట్రోలును క్రాంకు పెట్టె గుండా పోవుటచే నూనెను అడుగున నిలువచేయ వీలులేదు. పెట్రోలుతో కలిపియో, వేరొక పంపుచేతనో నూనె నందింపవలెను. స్కీల కీళ్లలోనికిని, పట్టాను మోయు అమరికలోనికిని నీరు చొచ్చి త్రుప్పు పట్టించును. క్రొత్త గ్రీజు నెక్కించినచో అది పాత గ్రీజును, నీటిని వెలికి నెట్టును. పట్టా లోపల జారు ప్లాస్టిక్ పట్టీలకు మాత్రము కందెన మంచే. వట్టి మంచుగడ్డపై చాలసేపు నడిపినచో పొడిమంచు అందక ఆ పట్టీలు వేడెక్కి కరగిపోవును.

నూనె తగులరాని చోట్లును కలవు. బ్రేకు డిస్కు, ఇంజను శక్తిని అందించు రబ్బరు బెల్టు ఘర్షణచేతనే పనిచేయును. అచ్చట ఒక్క నూనెబొట్టు పడినను పట్టు సడలును.

అన్నిటికంటె గమనింపదగినది గొలుసు పెట్టె. పలు బండ్లలో బ్రేకు డిస్కు పైయిరుసుపై ఉండును. ఆ బ్రేకు బలము నూనెలో తిరుగు గొలుసు ద్వారానే పట్టాను చేరును. నూనె లేక అరిగి ఆ గొలుసు తెగినచో, ఇంజను బలముతోపాటు బ్రేకును పోవును. కొన్ని నిర్మాణములలో డిస్కును పట్టాను త్రిప్పు ఇరుసుకే బిగించుటకు ఇది ఒక కారణము. కనుక గొలుసు పెట్టెలో నూనెమట్టము చూచుట కేవలము యంత్రపు ఆయుర్దాయమునకై చేయు పని కాదు. అది బ్రేకును పరీక్షించుటలో ఒక భాగము.

బిడ్డను ఆస్పత్రికి చేర్చలేని దారి నుండి పుట్టిన బండి ఇది. అది గమ్యము చేరవలెనన్న ఘర్షణ ఎచ్చట మిత్రుడో, ఎచ్చట శత్రువో నడపువాడు ఎరిగి యుండవలెను.