ఎండాకాలపు రాత్రులు: పాట, పద్యం, పరిహాసం

ఉద్దానాన్ని నేనెప్పుడూ ఒక చిన్న దీవిగానే ఊహించుకుంటాను. భూగోళశాస్త్రం అందుకు ఒప్పుకోదు, నిజమే. తూర్పున సముద్రం తప్ప మిగిలిన మూడు వైపులా నేలే ఉన్నది. కానీ ఒకవైపు కెరటాలు, మరొకవైపు మహేంద్రగిరి, నడుమ కొబ్బరి, జీడి, పనస తోటల పచ్చదనం. మందస, పలాస, సోంపేటల మీదుగా సాగే ఈ సన్నని పట్టీకి దీవికుండే ఏకాంతమూ, దీవికుండే మొండితనమూ రెండూ ఉన్నాయి. ఉద్యానమే ఉద్దానమైందని పెద్దలంటారు.

ఈ సీమలో పండుగలకు ఎండాకాలమే ఎందుకు? సమాధానం భక్తిలో కంటే సేద్యంలో దొరుకుతుంది. వరికోతలు ముగిసి పొలాలు ఖాళీగా ఉంటాయి, అంటే రంగస్థలం సిద్ధం. జీడిపంట చేతికొచ్చే రోజులు గనుక ఇంట్లో నాలుగు డబ్బులుంటాయి. పగలు కదలలేనంత ఎండ, రాత్రి సముద్రపు గాలి. తెల్లవార్లూ మేలుకోవడానికి ఇంతకంటే అనువైన రోజులు లేవు.

ఉత్తరపు అంచున, ఇచ్ఛాపురం నుంచి గంజాం లోపలికి, చైత్రమాసంలో దండనాటం ఆడతారు. వ్రతం పట్టిన భోక్తలు మిట్టమధ్యాహ్నం కాలే మట్టిలో పొర్లుతూ విన్యాసాలు చేస్తారు. అది ధూళిదండం. పొద్దువాలాక చెరువులో చేసేది పాణిదండం. ఒడియాలో పాణి అంటే నీరు. ఏప్రిల్ నడిమిన మేషసంక్రాంతితో వ్రతం ముగుస్తుంది. ఇంత కఠోరమైన తపస్సు చేసినవారు రాత్రి కాగానే ఏం చేస్తారు? ఢోలు, మహురి మోగుతుండగా నవ్విస్తారు! పిట్టలవేటగాడు, వాడి పెళ్ళాం, శబరులు, జోగి, వీణ పట్టిన బీణాకారుడు ఒకరి తరువాత ఒకరు వచ్చి పాడతారు, ఆడతారు, పోట్లాడుకుంటారు. శివుడి గుర్తుగా నిలిపిన ప్రభ ఎదుటే ఆ మొరటు హాస్యమంతా సాగుతుంది. ఎవరూ నొచ్చుకోరు. దండం అంటే కర్ర, దండం అంటే శిక్ష, మన తెలుగులో దండం అంటే నమస్కారం కూడా. ఈ మూడర్థాలూ కలిసి ఒక రాత్రిలో ఇమిడిపోవడం నాకు మహా ముచ్చటగా తోస్తుంది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు గంజాం జిల్లా రెండు ముక్కలైంది. మందస మద్రాసు రాష్ట్రంలోనే మిగిలింది. కాగితం మీద గీత పడింది గానీ రాత్రిపూట పాటకు ఆ గీత కనబడలేదు.

తెలుగు వైపు గ్రామదేవతల సంబరాలు. ముర్రాటలు మోసుకొచ్చిన ఆడవాళ్ళ వెనుక తప్పెటగుళ్ళు, కోలాటం, ఆపైన తూర్పు భాగవతం. సత్యభామ విరహం దరువుగా, పద్యంగా సాగుతుండగానే మాధవి వేళాకోళం అడ్డుపడుతుంది. అయితే ఈ సీమకు అచ్చంగా సొంతమైనది జముకులకథ. జముకు చూడడానికి కుంచంలా ఉంటుంది. ఒక మూతికి తోలు బిగిస్తారు, ఆ తోలు నడుమ నుంచి తంతి లాగుతారు. దానిని చంకన ఇరికించుకుని, తంతిని బిగిస్తూ సడలిస్తూ మీటితే స్వరం జారుతూ లేస్తుంది. ఏడుపుకు ఏడుపు, నవ్వుకు నవ్వు. తెలంగాణలో ఎల్లమ్మ కథకు వాయించే జమిడిక దీని తోబుట్టువే.

జముకులకథలో కథకుడు గతాన్ని చెబుతాడు. అమ్మవారి పుట్టుక, రాజుల యుద్ధాలు, ఏదో ఒక పాతకాలపు దుఃఖం. పక్కనున్న వంత ఉన్నట్టుండి అడ్డుతగిలి, అర్థంకానట్టు నటించి, ఊరి సంగతి ఒకటి లాగుతాడు. శిస్తు వసూలు, షావుకారు వడ్డీ, కరణం లెక్క ఏదైనా కావచ్చు. కథకుడు కసురుతాడు, జనం నవ్వుతారు, కథ మళ్ళీ ముందుకు పోతుంది. ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) హరికథలో సంగీతం, కవిత్వం, హాస్యం మూడింటినీ ఒక్క గొంతులో నిలిపిన మహానుభావుడు. జముకులకథలో ఆ పని పంచుకున్నారు గనుక హాస్యగానికి ఒక ప్రత్యేకమైన అధికారం దక్కింది. వర్తమానం మాట్లాడే హక్కు వాడిది.

ఆ హక్కు ఎంత బరువైనదో తెలియాలంటే ఈ నేల చరిత్ర కొంచెం చూడాలి. 1940 మార్చిలో పలాసలో అఖిలభారత కిసాన్ సభ జరిగింది. మందస జమీందారు అడవిలో కట్టెలు కొట్టుకునే హక్కు కోసం రైతులు అప్పటికే కలబడుతున్నారు. సభ ముగిసిన కొద్దిరోజులకే, ఏప్రిల్ 1న, గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్పులు జరిపారు. సాసుమాను గున్నమ్మ, ఆమెతోపాటు మరికొందరు రైతులు నేలకొరిగారు. అదీ ఎండాకాలమే.

కోస్తాలో 1943లో ప్రజానాట్యమండలి ఏర్పడి, షేక్ నాజర్ వంటివారు బుర్రకథను రాజకీయ వేదికకు ఎక్కించారు. అక్కడా కథకునికి ఒకవైపు హాస్యం, మరొకవైపు రాజకీయం. ఉద్దానంలో ఆ పని చేసినవాడు సుబ్బారావు పాణిగ్రాహి. ఇంటిపేరు ఒడియా, కవిత్వం తెలుగు, వృత్తి బొడ్డపాడు శివాలయంలో అర్చకత్వం. గుడిలో మంత్రం చదివిన గొంతుతోనే ఆయన జముకులకథ చెప్పాడు. ఊరివారికి అలవాటైన బాణీ మార్చలేదు, లోపలి కథ మార్చాడు. ఆయన కవి కావడం కంటే, వంతగాని పరిహాసాన్ని అడుగునుంచి తీసి కథకు వెన్నెముక చేయడమే గొప్పదని నా అభిప్రాయం. 1967 అక్టోబరు 31న లేవిడిలో కోరన్న, మంగన్నలు హత్యకు గురయ్యాక, శ్రీకాకుళం గిరిజనోద్యమం సాయుధపోరాటంగా మారింది. పాణిగ్రాహి కొండలెక్కాడు. 1969 డిసెంబరు 22న రంగమటియా కొండల్లో పంచాది నిర్మల తదితరులతోపాటు మరణించాడు. ఎదురుకాల్పులని పోలీసులన్నారు. పట్టుకొని చంపారని ఉద్యమకారులన్నారు.

ఆయన నడిచిన మార్గంతో ఏకీభవించడం, విభేదించడం వేరే చర్చ. ఒకటి మాత్రం గమనించాలి. తరువాత వచ్చిన చాలా దళాలు పాటను, ఆవేశాన్ని తీసుకున్నాయి. నవ్వును అంతగా తీసుకోలేదు. పార్వతీపురం ప్రాంతపు వంగపండు ప్రసాదరావు (1943–2020) ఇందుకు మినహాయింపు. ఆయన గజ్జెకట్టి ఆడుతూ ఎకసెక్కెమాడితే ఎదుటివాడు కూడా నవ్వక తప్పేది కాదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరిచెట్లను వరుసలు వరుసలుగా కూల్చివేసింది. జీడితోటలూ పోయాయి. చెట్టు మళ్ళీ కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది, మనిషి అన్నాళ్ళు ఆగలేడు. తోటను నమ్ముకున్నవారిలో ఎందరో ముందే పట్టిన వలసదారి ఇంకా రద్దీ అయింది. కొన్ని ఊళ్ళలో సంబరం ఏటేటా జరగదు. మూడేళ్ళకో, అయిదేళ్ళకో, అంతకంటే ఎక్కువకో ఒకసారి. ఆ ఏడు ఖరారు కాగానే ముంబయిలో, చెన్నైలో, విశాఖలో ఉన్నవారికి కబురు వెళుతుంది. ఎక్కడెక్కడివాళ్ళూ సంచులతో పలాస స్టేషనులో దిగుతారు. ఇంటికి వేసిన చందా ముందే కట్టి ఉంటారు. ఇప్పుడు పెద్ద పెద్ద స్పీకర్లూ, సినిమా పాటలూ వచ్చాయి. వాటి హోరులో జముకు వినబడడం కష్టమే. అయినా కొన్ని ఊళ్ళ పెద్దలు ఒక రాత్రిని జముకులకథకే విడిచిపెడతారు. భోజనాలు ఇంకా ముగియకముందే, ఒక మూల కూర్చున్న ముసలాయన తంతిని చెవి దగ్గర పెట్టుకుని బిగిస్తూ ఉంటాడు. వంతగాడు అటూ ఇటూ తిరుగుతూ, ఎవరు ఏ ఊరినుంచి వచ్చారో, ఎవరెంత చందా ఎగ్గొట్టారో తెలుసుకుంటూ ఉంటాడు.