రేకు ఉరుము, రబ్బరు ప్యాడ్

యముడు స్టేజీ మీదికి రావాలంటే ఉరమాలి. మా తాడేపల్లిగూడెం చుట్టుపక్కల పద్యనాటకం ఆడినప్పుడు ఆ ఉరుము తెర వెనక వేలాడదీసిన జింకు రేకులోంచి వచ్చేది. రేకు దగ్గర ఒక కుర్రాణ్ని నిలబెట్టేవారు. హార్మోనియం మేష్టారు తల ఊపగానే వాడు రేకు అంచు పట్టుకుని జాడించాలి. ఒక్క పద్యపాదం ఆలస్యమైతే యముడు నవ్వులపాలయ్యేవాడు. సిద్ధంగా పెట్టుకున్న చప్పుడుని సరైన క్షణంలో వదలడమే ఆ కుర్రాడి ఉద్యోగం. తర్వాత నేను పుల్లలతో కొట్టే ఎలక్ట్రానిక్ ప్యాడ్ మీద చేసి బతికింది కూడా అదే పని, అందుకని నా కథ రేకుతో మొదలుపెడుతున్నాను. హార్మోనియం వాళ్లనడిగితే ఇంకోలా చెబుతారు.

మా చిన్నప్పుడు ఆర్కెస్ట్రా అంటే వ్యాను నిండా మనుషులు. తాళానికే నలుగురు: తబలా, డోలక్, కాంగో, మేం జాజ్ అని పిలిచే డ్రమ్స్ సెట్టు. అహుజా యాంప్లిఫయరు, గుంజలకి కట్టిన హారన్లు. ఏలూరులో ఏడేళ్లకోసారి వచ్చే గంగానమ్మ జాతరైనా, కొల్లేటికోటలో ఫాల్గుణ మాసంలో జరిగే పెద్దింట్లమ్మ తిరునాళ్లయినా ఇదే బలగం. కొల్లేటి లంకలకి సరైన రోడ్డు లేని రోజుల్లో సామానంతా పడవ మీద దాటించాల్సిందే. హారన్లు ఎక్కడో పడేసినా డోలక్ మాత్రం దాని ఆసామి ఒళ్లోనే ఉండేది. చెమ్మ తగిలితే చర్మం బిగువు తగ్గిపోతుందని ఆయన భయం.

ఈ బలగానికి చిక్కు తెచ్చిపెట్టింది పాటలే. 1992లో ‘రోజా’, మరో రెండేళ్లకి ‘ప్రేమికుడు’ వచ్చాయి. రెహమాన్ పాటల్లో దరువు చాలాచోట్ల సీక్వెన్సరులో పేర్చింది. క్యాసెట్లో విన్నది విన్నట్టు స్టేజీ మీద వినపడకపోతే జనం ఊరుకోరు. “ఏవండీ, ఆ చప్పుడేదండీ?” అని ముందు వరసలోంచే అడిగేవారు. మా తబలా ఆయన ఓసారి మైకు తనవైపు లాక్కుని, “ఆ చప్పుడు నా చేతిలో లేదు బాబూ, మద్రాసులో ఉంది” అనేశాడు. జనం చప్పట్లు కొట్టారు గానీ పాట గట్టెక్కలేదు.

మాకు మొదట కనపడ్డ చవక మార్గం గల్ఫ్ నుంచి సెలవుకొచ్చిన బంధువు సూట్‌కేసులో దిగింది. 1986 నాటి క్యాసియో ఎస్‌కే-1, చూడ్డానికి పిల్లల బొమ్మలా ఉండే 32 మెట్ల కీబోర్డు. దాని మైకులో ఏదన్నా పలికితే 1.4 సెకన్లు పట్టుకుని, ఆ గొంతునే సరిగమల్లో వినిపించేది. స్విచ్ ఆపితే అంతా మాయం. కుక్క అరుపుతో పెళ్లిపాట వాయించి పిల్లల్ని నవ్వించడానికి బాగుండేది, ప్రోగ్రాముకి నమ్ముకునే సరుకు మాత్రం కాదు.

నమ్ముకునే సరుకు లేకపోలేదు, రోలాండ్ కంపెనీ వాళ్లు 1985లోనే ఆక్టోప్యాడ్ తెచ్చారు. ఎనిమిది రబ్బరు పలకలు, కడుపులో మాత్రం ఒక్క శబ్దమూ లేదు. దెబ్బ పడితే ఆ కబురు మిడి కేబుల్ ద్వారా ఇంకో పెట్టెకి వెళ్తుంది, మోగేది ఆ పెట్టె. అంటే కొనాల్సినవి రెండు. మద్రాసు స్టూడియోలకి అదో లెక్క కాదు, మాకు మాత్రం అదే లెక్క. 1998లో ఎస్‌పీడీ-20 వచ్చాక ఆ బాధ తీరింది. అవే ఎనిమిది పలకలు, లోపలే 700 శబ్దాలు, వాటిని అమర్చుకోవడానికి 99 ప్యాచ్‌లు. కొత్తది కొనే స్తోమత ఎవరికుంది? హౌరా-చెన్నై రైలు మార్గం మీద ఉన్నాం కాబట్టి, పాతది అమ్ముతున్నారని తెలిస్తే రాత్రి రైలెక్కి వెళ్లి, దుప్పట్లో చుట్టి తెచ్చుకునేవాళ్లం.

అసలు బడ్జెట్టు ప్యాడ్ ధర దగ్గర తేలేది కాదు, వ్యానులో సీట్ల దగ్గర తేలేది. “నలుగురికి బేటా, నాలుగు భోజనాలు, సామానుకి వేరే బండి. ఆ డబ్బెట్టి ప్యాడ్ కొంటే రెండు సీజన్లలో తీరిపోద్ది బాబాయ్” అన్నాడు మా ట్రూపు నడిపే కుర్రాడు. తీరిపోయింది కూడా. ప్యాడ్ దగ్గర నేను మిగిలాను. డోలక్ ఆయన భజనలకి, కాంగో అతను బ్యాండు మేళానికి మళ్లారు. ఇదంతా అభివృద్ధి అని రాసేవాళ్లు మిగతా ముగ్గురి కూలి ఏ పద్దులో వేస్తారో నాకు తెలీదు.

ప్యాడ్ మంచిదో కాదో కొట్లో తెలీదు, స్టేజీ ఎక్కితేనే తెలుస్తుంది. రబ్బరు కింద పియెజో బిళ్ల ఉంటుంది. అది అదురుని కరెంటుగా మారుస్తుంది. ఆ అదురు పుల్ల దెబ్బదా, పక్కన ఎగురుతున్న డ్యాన్సరు కాలిదా అన్నది దానికి పట్టదు. మా స్టేజీలేమో ఖాళీ డ్రమ్ముల మీద పరిచిన చెక్కలు. పెద్ద స్పీకరు గుమ్మనగానే నేను ముట్టుకోకుండానే శంఖం మోగేది. అందుకని మొదట స్టాండు కాళ్ల కింద గోనెసంచి నాలుగు మడతలు వేసేవాణ్ని. అప్పటికీ వినకపోతే ఆ పలక థ్రెషోల్డ్ పెంచాలి, అంటే చిన్న అదురుని లెక్కచెయ్యొద్దని చెప్పడం. మరీ పెంచితే మెత్తటి దెబ్బలు మింగేస్తుంది, డోలక్ నడకలో ఉండే చిన్న చిన్న చప్పుళ్లన్నీ పోతాయి. ఆ రెంటి మధ్య అంకె ఊరూరికీ మారేది.

ఇక అడాప్టరు. రోలాండ్‌ది 9 వోల్టులే గానీ పిన్ను మధ్యలో మైనస్ ఉంటుంది. బజారులో దొరికే చాలావాటికి మధ్యలో ప్లస్. వోల్టులు సరిపోయాయి కదా అని గుచ్చినవాళ్ల ప్యాడ్లు రిపేరుకి రావడం నేను చూశాను.

2003లో ఎస్‌పీడీ-ఎస్ వచ్చింది. మనకి కావలసిన శబ్దాన్ని మనమే ఎక్కించుకోవచ్చు, కార్డులో దాచుకోవచ్చు. కాగితం మీద అదే మేలు. మావైపు మాత్రం చాలామంది పాత 20నే పట్టుకు వేలాడారు, నేనూ వాళ్లతోనే. ఫ్యాక్టరీ శబ్దాలు చెరిగిపోవు, కార్డు పోతుందన్న బెంగ లేదు, జనరేటరు ఆగి మళ్లీ వెలిగినా వెంటనే వాయించొచ్చు. పాటకి అచ్చంగా ఆ సినిమా చప్పుడే పడకపోయినా, దగ్గరగా ఏదో ఒకటి పడితే చాలు. రోలాండ్ వాళ్లు కూడా ఇరవై ఏళ్లు దాటాక ఎస్‌పీడీ-20 ప్రో అని తీసి, అందులో మళ్లీ ఆ పాత శబ్దాలనీ పెట్టారు.

సొంత శబ్దాలు ఎక్కించుకోవడం మావైపు నిజంగా అలవాటైంది చర్చిల్లో. ఎస్‌పీడీ-ఎస్‌ఎక్స్ ధర ఎక్కువే అయినా ప్రతి ఆదివారం పని ఉంటుంది, పైకప్పు కింద ఉంటుంది, చందా వేసుకుంటే భారం ఒకరి మీద పడదు. లాప్‌టాప్‌లోంచి ఫైళ్లు ఎక్కించడం కుర్రాళ్లు అక్కడే నేర్చారు. క్రిస్మస్ పాటలకి పట్టే గంటలు, చప్పట్లు, కోరస్‌లు సొంతంగా రికార్డు చేసుకున్నారు. ఇవాళ పెళ్లి ప్రోగ్రాముల్లో ప్యాడ్ దగ్గర కనపడే పిల్లల్లో చాలామంది అలా తయారైనవాళ్లే.

ఇప్పుడు అరచేతికి కాస్త పెద్దగా అకాయ్ ఎల్‌పీడీ8 లాంటివి వస్తున్నాయి. ఎనిమిది పలకలే, లోపల శబ్దం ఉండదు, 1985 నాటి పెట్టె మళ్లీ వచ్చినట్టే. ఆ రెండో పెట్టె మాత్రం ఇప్పుడు ఫోను రూపంలో అందరి జేబులోనూ ఉంది. చవక ఆండ్రాయిడ్ ఫోనుకి తగిలిస్తే కొట్టిన కాసేపటికి మోగుతుంది. శంఖానికీ గంటకీ పర్వాలేదు, తాళానికి పనికిరాదు.

మొన్న ఉంగుటూరు నుంచి ఒక కుర్రాడొచ్చాడు. “గురువుగారూ, తక్కువలో అయిపోవాలండి. డోలక్ సౌండు బాగుండాలండి” అన్నాడు.

“మీ వీధిలోనే డోలక్ ఆయన ఉన్నాడుగా. పిలవచ్చు కదరా.”

“ఆయన్ని పిలిస్తే ఆటోచార్జీలు కూడా మనమే పెట్టుకోవాలండి.”

పాత ఎస్‌పీడీ-20 ఒకటి అమ్మకానికుందని చెప్పి, అడాప్టరు అసలుదో కాదో చూసుకోమన్నాను.