పాతకాలపు రోడ్డు సైకిలు: గుర్తింపు, కాలనిర్ణయం, విలువ

పాతకాలపు రోడ్డు సైకిలు అనగా తారు రహదారిపై వేగంగా ప్రయాణించుటకై, క్రిందికి వంపు తిరిగిన హ్యాండిల్, సన్నని టైర్లు, తేలికైన ఉక్కు ఫ్రేముతో సుమారు 1980వ దశకం చివరి వరకు తయారైన సైకిలు. ఐరోపా, అమెరికా, జపాను దేశాలు వీటికి ప్రధాన తయారీ కేంద్రాలు. తెలుగునాట పల్లెపల్లెనా కనిపించిన రాడ్ బ్రేకుల, బరువైన క్యారియర్ల నల్ల సైకిళ్ళు ఈ కోవకు చెందవు. "పాతకాలపు" అనుటకు అందరూ ఒప్పుకొన్న హద్దు లేదు. అయితే ఇటలీలోని గయోలే ఇన్ కియాంతిలో 1997లో మొదలైన ఎరోయికా సైకిలు యాత్ర 1987కు ముందు తయారైన సైకిళ్ళను ప్రమాణంగా తీసుకొన్నందున, సేకరణదారులలో కూడా ఆ సంవత్సరమే హద్దుగా స్థిరపడింది.

గుర్తింపు

ఫ్రేముపై అతికించిన పేరు అన్నిటికంటే బలహీనమైన ఆధారం. రంగు మార్చి కొత్త స్టిక్కర్లు అంటించుట తేలిక. కొల్నాగో, మాసి వంటి ప్రసిద్ధ ఇటలీ పేర్లకు గిరాకీ ఎక్కువ కనుక వాటి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అందువలన రంగుతో మారని భాగాలను ముందుగా పరిశీలించాలి.

వీటిలో ముఖ్యమైనది పెడల్ ఇరుసు తిరిగే అడ్డగొట్టం, అనగా బాటమ్ బ్రాకెట్. ఇంగ్లీషు పద్ధతిలో దీని వెడల్పు 68 మి.మీ. మర అంగుళానికి 24 చుట్లు. గొలుసు వైపు కప్పు ఎడమ మర కలిగి, మామూలుకు వ్యతిరేక దిశలో బిగుస్తుంది. ఇటలీ పద్ధతిలో వెడల్పు 70 మి.మీ., వ్యాసం 36 మి.మీ., రెండు వైపులా కుడి మరే. ఫ్రాన్సు పద్ధతిలో వ్యాసం 35 మి.మీ., మర చుట్ల మధ్య దూరం 1 మి.మీ. ఇటలీ పేరున్న ఫ్రేములో ఇంగ్లీషు మర కనిపిస్తే సందేహించవలసిందే. కాని అది నకిలీ అని అంతటితో తేల్చరాదు. 1980వ దశకంలో అమెరికా విపణికై బియాంకి పేరున కొన్ని ఫ్రేములు జపానులో తయారైనవి.

గొట్టాల నాణ్యతకు సీటు కడ్డీ వ్యాసం మంచి సూచిక. ఇంగ్లండు, ఇటలీ ఫ్రేములలో 27.2 మి.మీ. కడ్డీ పడితే గొట్టం గోడ పలుచనిదని, అనగా సాధారణంగా రెనాల్డ్స్ 531 లేదా కొలంబస్ స్థాయి ఉక్కు అని అర్థం. 26 మి.మీ.కు దగ్గరగా ఉన్న కడ్డీ సామాన్య గొట్టాన్ని సూచిస్తుంది. ఫ్రాన్సు కొలతలు వేరు కనుక ఈ సూత్రం అక్కడ వర్తించదు. మాంగనీసు, మాలిబ్డినం కలిసిన రెనాల్డ్స్ 531 ఉక్కును బర్మింగ్‌హామ్‌లోని రెనాల్డ్స్ సంస్థ 1935లో ప్రవేశపెట్టింది. వెనుక చక్రపు ఇరుసును పట్టే పలకలపై కాంపాగ్నోలో, షిమానో, యూరే వంటి పేరు ముద్రించి ఉండవచ్చును. అది పలకను తయారు చేసినవారి పేరే గాని ఫ్రేము కట్టినవారిది కాదు. కొత్తవారు తరచుగా పొరబడేది ఇక్కడే.

కాలనిర్ణయం

క్రమసంఖ్య నుండి సంవత్సరాన్ని నేరుగా చదువగల సంస్థలు కొద్ది. అమెరికాకు చెందిన ష్విన్ వాటిలో ఒకటి. 1965 నుండి ఆ సంస్థ షికాగో సైకిళ్ళ సంఖ్యలో మొదటి అక్షరం నెలను, రెండవది సంవత్సరాన్ని తెలుపుతాయి. అయితే అది సంఖ్యను ముద్రించిన నెల మాత్రమే. సైకిలు పూర్తిగా బిగించినది తరువాత కావచ్చును.

ఎక్కువ సైకిళ్ళకు విడిభాగాలే శరణ్యం. షిమానో భాగాల వెనుక రెండు ఆంగ్ల అక్షరాలు ఉంటాయి. మొదటిది సంవత్సరం (1976కు ఏ, 1977కు బి, ఇదే వరుసలో), రెండవది నెల (జనవరికి ఏ, డిసెంబరుకు ఎల్). సన్‌టూర్ సంస్థ కూడా ఇదే రీతిని అనుసరించినా దాని వరుస వేరు. 1974కు క్యూ, 1983కు జడ్, తిరిగి 1984కు ఏ. ఒకే "ఏ" అక్షరం ఒక సంస్థకు 1976, మరొక సంస్థకు 1984 అగుట గమనార్హం.

కాంపాగ్నోలో నువోవో రికార్డ్ వెనుక డిరైలర్ (గొలుసును ఒక పళ్ళ చక్రం నుండి మరొకదానికి మార్చే సాధనం) 1967లో వెలువడింది. 1970 నుండి దానిపై "పేటెంట్" అనే మాట ప్రక్కన రెండు అంకెలు కనిపిస్తాయి. అవి పేటెంటు లభించిన సంవత్సరం కావు, ఆ భాగం తయారైన సంవత్సరం. అదే సంస్థ క్రాంకుల వెనుక 1970వ దశకంలో వజ్రాకారపు గడిలో, 1980వ దశకం ఆరంభంలో వలయంలో సంవత్సరపు చివరి అంకె ముద్రింపబడినది.

ఒక భాగపు తేదీ సైకిలు తేదీ కానేరదు. డిరైలర్, క్రాంకులు, రెండు హబ్బులు ఒకటి రెండు సంవత్సరాల తేడాలో కలిస్తేనే సైకిలు ఆ కాలానిదని చెప్పవచ్చును. నాలుగింటిలో ఒకటి ఎనిమిదేళ్ళు దూరంగా ఉంటే దానిని తరువాత మార్చినట్లు భావించాలి. భాగాలను విడివిడిగా అమ్మినచో ఈ పరస్పర సాక్ష్యం శాశ్వతంగా పోతుంది. మిగిలిన ఖాళీ ఫ్రేముకు తేదీ చెప్పుట చాలా కష్టం.

ఇతర ఆనవాళ్ళు కూడా కలవు. వెనుక పలకల మధ్య దూరం 120 మి.మీ. ఉంటే 5 గేర్ల కాలం, 126 మి.మీ. ఉంటే 6 లేదా 7 గేర్ల కాలం, 130 మి.మీ. ఉంటే 8 గేర్లు, ఆ తరువాతి కాలం. కాని ఉక్కు ఫ్రేమును వంచి ఈ దూరాన్ని పెంచుట సాధ్యమే. అమెరికాలో 1976 నుండి కొత్త సైకిళ్ళకు రిఫ్లెక్టర్లు తప్పనిసరి అయినవి. గేరు మీటలు బ్రేకు మీటలలోనే కలిసిన షిమానో అమరిక 1990లో వచ్చింది కనుక, అది ఉన్న సైకిలు అయితే కొత్తది, కాకుంటే మార్పునకు లోనయినది.

విలువ

పేరు ఒక్కటే ధరను నిర్ణయించదు. ష్విన్ సంస్థ వార్సిటీ నమూనా సుమారు 18 కిలోల బరువు గలది. సైకిళ్ళకు అమెరికాలో విపరీతమైన గిరాకీ ఏర్పడిన 1970వ దశకం ఆరంభంలో (1973లో అమ్మకాలు సుమారు 1.5 కోట్లు) ఇది భారీగా అమ్ముడైనది. నేటికీ విరివిగా దొరుకుతుంది కనుక చౌక. అదే సంస్థ రెనాల్డ్స్ 531 గొట్టాలతో పరిమితంగా కట్టిన పారమౌంట్ ధర దానికి ఎన్నో రెట్లు. పరిమాణమూ ముఖ్యమే. ఏకాలంలోనైనా మధ్యస్థమైన 54–58 సెం.మీ. ఫ్రేములకు కొనుగోలుదారులు ఎక్కువ.

అన్నిటికంటే విలువ కలిగించేది అసలు రంగు. గీతలు పడినా అసలు రంగు, స్టిక్కర్లు గల ఫ్రేమును సేకరణదారులు కొత్తగా రంగు వేసినదానికంటే ఎక్కువగా కోరుకుంటారు. "బాగుచేసి అమ్ముదాం" అని రంగు గీకించినవారు తరచుగా ధరను, దానితోపాటు ఫ్రేము చరిత్రను కూడా పోగొట్టుకొంటారు. తిరిగి రాని నష్టమిదే. తుడుచుట, క్రోము భాగాలపై తేలికపాటి తుప్పు తీయుట, కందెన మార్చుట వరకు ఆగుట ఉత్తమం. తీసిన భాగాలను, పగిలినవైనా, పారవేయరాదు.

లోపాలను ధర మాట్లాడుటకు ముందే చూడాలి. ముందు నుండి గుద్దుకొన్న సైకిలుకు హ్యాండిల్ గొట్టం వెనుక, క్రింది గొట్టం అడుగున చిన్న ఉబ్బు ఏర్పడుతుంది. కంటికి కనబడకున్నా వ్రేలితో తడిమితే తెలియును. పాత కాంపాగ్నోలో రికార్డ్ క్రాంకులలో, చేయి ఐదు కొమ్ముల భాగాన్ని కలిసే మూలలో సన్నని పగుళ్ళు ఏర్పడుట ప్రసిద్ధం. పగిలిన క్రాంకు ప్రదర్శనకే గాని స్వారీకి పనికిరాదు. ఉక్కు ఫ్రేములో ఏళ్ళ తరబడి కదలని అల్యూమినియం సీటు కడ్డీ, హ్యాండిల్ కాండం తుప్పు వలన అతుక్కుపోవచ్చును. కొనుటకు ముందు ఆ రెండింటినీ వదులు చేసి కదిలించమని అమ్మేవారిని అడుగుట ఆచారం.