లండన్‌లో పల్నాటి రాయి

ఈస్ట్‌హామ్‌లో డిస్ట్రిక్ట్ లైన్ రైలెక్కాం. ఎదురెదురు సీట్లు, కాళ్ల మధ్య తడి గొడుగులు. పక్కన ఇద్దరు ఆడవాళ్లు తమిళంలో మునక్కాయల ధర మాట్లాడుకుంటున్నారు. బో రోడ్ దగ్గర రైలు నేలలోకి దిగేదాకా ఎర్ర ఇటుక ఇళ్లు, వాటి పెరటి గోడలు కనిపిస్తూనే ఉన్నాయి. వైట్‌చాపెల్‌లో మారి ఎలిజబెత్ లైన్ పట్టుకోవాలి. 2022లో తెరిచిన మార్గమిది. రైలు ఎంత మెత్తగా పోతోందంటే, కదిలిందని గోడలు వెనక్కి జారాకే తెలుస్తోంది.

“అత్తా, ఎస్కలేటర్ మీద కుడివైపు నిలబడు. ఎడమవైపు నడిచేవాళ్లకి” అంటూ మేనకోడలు నా మోచెయ్యి పట్టుకుంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. మా తమ్ముడు వెనకనుంచి నవ్వుతున్నాడు.

లండన్ ఐ, టవర్ బ్రిడ్జి మొన్న చూశాం. బాగున్నాయి. ఇవాళ మాత్రం నేను అడిగి పెట్టించుకున్న రోజు.

గ్రేట్ రస్సెల్ స్ట్రీట్ మీద బ్రిటిష్ మ్యూజియం గేటు. సంచులు చూసి లోపలికి పంపుతారు, టికెట్ లేదు. స్తంభాల వరస దాటి లోపలికి అడుగుపెడితే నెత్తిమీద ఆకాశమంతా గాజు. 2000లో కప్పిన ముంగిలి ఇది. బయట ముసురు పట్టి ఉన్నా లోపల తెల్లటి వెలుతురు పరుచుకుని ఉంది. జనమంతా ఎడమవైపు, రొజెట్టా శిల కేసి పోతున్నారు. “మమ్మీలు స్కూలు వాళ్లతో చూసేశాను” అంది పిల్ల. మేం నేరుగా నడిచాం. నడిమధ్య గుండ్రటి పాత పఠనశాలను చుట్టి, ఈస్టర్ దీవి రాతి మనిషి నిలబడ్డ గది దాటి, మెట్లెక్కాం. ముప్పై మూడో గది. ఒక పక్క చైనా, ఒక పక్క మన దేశమూ చుట్టుపక్కల దేశాలూ. శ్రీలంక నుంచి వచ్చిన తారాదేవి బంగారు మెరుపుతో నిలబడి ఉంది. ఆవిడ ముందు ఓ క్షణం ఆగి, ముందుకు కదిలాం.

చివర గాజు గోడ. దాని అవతల, మసక వెలుతురులో, అమరావతి.

రాయి రంగు చూడగానే గుండె ఝల్లుమంది. లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు, మన పల్నాటి సున్నపురాయి. ఒక పలక మీద స్తూపమే చెక్కి ఉంది. గుమ్మటంలాంటి అండం చుట్టూ పూలదండలు, వాకిట్లో సింహాలు, ముందు అయిదు స్తంభాలు, పైన ఎగిరే దేవతలు. కృష్ణ ఒడ్డున నిలబడ్డ ఆ స్తూపం ఎలా ఉండేదో మనకిప్పుడు చూపేవి ఇలాంటి పలకలే. నేను గుంటూరు మనిషిని. అక్కడ ఎన్నోసార్లు నిలబడ్డాను. ఇప్పుడక్కడ మిగిలింది గడ్డి మొలిచిన తక్కువ ఎత్తు దిబ్బ, చుట్టూ నిలిపిన కొన్ని రాళ్లు.

“ఇది చూడు” అని పిల్లకి బుద్ధపాదాలు చూపించాను. అరికాళ్ల నడుమ చక్రాలు. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కని రోజులవి. పాదాలు, చెట్టు, ఖాళీ ఆసనం చూసే జనం దండం పెట్టుకునేవారు. ఇంకో పలక దగ్గర పిల్ల అటూ ఇటూ తిరిగింది. ఒక వైపు క్రీస్తుకు పూర్వం ఒకటో శతాబ్దపు చెక్కడం, రెండో వైపు క్రీస్తుశకం మూడో శతాబ్దానిది. పాత రాయినే తిప్పి వెనకవైపు మళ్లీ చెక్కారు. “రీసైకిల్ చేశారా!” అని ఆశ్చర్యపోయింది. ఆ తర్వాత ఒంగి ఆడవాళ్ల కాళ్లకేసి చూస్తూ ఉండిపోయింది. చీలమండ నుంచి పైకి వరసగా లావుపాటి కడియాలు, నడుముకి మొలనూళ్లు. ఇంత బరువు వేసుకునీ ఆ నడుములు తేలిగ్గా ఎలా వంగుతున్నాయో! ఉలి పట్టిన ఆ చేతులకి మొక్కాలనిపించింది.

ఈ రాళ్ల ప్రయాణం పిల్లకి చెప్పాను. ఊళ్లో ఆ స్తూపం దిబ్బని దీపాలదిన్నె అనేవారు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్నం కట్టిస్తున్న రోజుల్లో ఆ దిబ్బలో రాళ్లు బయటపడ్డాయి. కబురు విని 1797లో కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. ఆయన మళ్లీ వచ్చేనాటికి చాలా పోయాయి. మనవాళ్లు మెట్లకూ గోడలకూ వాడుకున్నారు, సున్నానికి కాల్చారు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపాడు. అక్కణ్ణుంచి 1859లో ఓడెక్కి వచ్చినవే ఇవి. మ్యూజియం చేతికి 1880లో చేరాయి.

పిల్ల గాజుకి నుదురానించి అడిగింది: “మరి వెనక్కివ్వరా?”

గదిలో జవాబు చెప్పలేకపోయాను.

బయటికొచ్చి రస్సెల్ స్క్వేర్ మీదుగా నడిచాం. వాన వెలిసింది. టావిస్టాక్ స్క్వేర్ నడుమ గాంధీగారు పద్మాసనం వేసుకుని కూర్చున్నారు. 1968లో పెట్టిన కంచు విగ్రహం. పీఠంలో పూలు పెట్టడానికి ఓ గూడు వదిలారు, అందులో తాజా బంతిపూలున్నాయి. పద్దెనిమిదేళ్ల వయసులో లా చదవడానికొచ్చి, శాకాహారం కోసం ఈ ఊరి వీధుల్లో మైళ్లకొద్దీ తిరిగి, చివరికి ఫారింగ్డన్ స్ట్రీట్‌లో ఓ శాకాహార హోటలు కనిపిస్తే పసివాడిలా సంబరపడ్డ మనిషి.

మనం అంత తిరగక్కర్లేదు. యూస్టన్ రోడ్డు దాటితే డ్రమ్మండ్ స్ట్రీట్. చిన్న వీధే. మిఠాయి కొట్లు, మసాలా కొట్లు, భేల్‌పూరీ హోటళ్లు. పాఠక్ ఊరగాయల కుటుంబం తొలిరోజుల్లో దుకాణం పెట్టిందీ ఇక్కడే. వేయించిన జీలకర్ర వాసన తలుపు తెరవకముందే ఎదురొస్తుంది. చెక్క బల్లలు, స్టీలు గ్లాసులు. దహీపూరీ వచ్చింది. నోట్లో ఒక్కసారిగా పగిలి, చల్లటి పెరుగు, తియ్యటి చింతపండు, పైన కరకరలాడే సేవ్. పిల్ల కళ్లు మూసుకుని తింటోంది. దోశ ఎర్రగా, అంచులు కరకరమంటూ వచ్చింది. సాంబారులో మాత్రం గుజరాతీ చెయ్యి తగిలి బెల్లం తీపి. నాకు కారం కావాలి. తమ్ముడు అడగకుండానే పచ్చిమిరపకాయలు తెప్పించాడు. చిన్నప్పుడు అన్నం పళ్లెంలో నాకోసం మిరపకాయ దాచిపెట్టినవాడు వీడే!

“1963 చట్టం ప్రకారం మ్యూజియం తన దగ్గరున్నవి శాశ్వతంగా ఇచ్చెయ్యడానికి దాదాపు వీల్లేదట” అని పిల్ల ఫోన్లో చదివింది. “అప్పుగా ఇవ్వొచ్చట.”

“సున్నపు బట్టీలో కాలిపోకుండా నిలిచాయి కదక్కా ఇవి” అన్నాడు తమ్ముడు.

నిజమే, ఆ మాట కాదనలేను. అయినా అవి పుట్టిన నేల మీద, కృష్ణ గాలి తగిలే చోట, మన బడిపిల్లలు బస్సు దిగి చూసేలా ఉండాలన్నదే నా కోరిక. కొన్నాళ్లకి అప్పుగానైనా సరే. అదే చెప్పాను.

“గుంటూరు నుంచి అమరావతి ఎంతసేపు?” అంది పిల్ల, వేళ్లకంటిన చట్నీ నాకుతూ.

“బస్సులో గంట పైనే. దిబ్బ చూసి, పక్కనున్న మ్యూజియం చూసి, అమరేశ్వరుడి గుడికెళ్లి రేవులో దిగుదాం. ఆ తర్వాత మద్రాసు రైలెక్కాలి. ఎగ్మోరు మ్యూజియంలో ఇంతకంటే ఎక్కువ రాళ్లున్నాయి.”

“డిసెంబరులోనా?”

“డిసెంబరయితే ఎండుండదు. మీ అమ్మనీ తీసుకురా” అన్నాను.