ముక్కనుమ మర్నాటి లోడు

ఎడమవైపు మెట్టు మీద కాలేసి, కమ్మీ పట్టుకుని ఎక్కండి. చెప్పులు దులుపుకోండి, ఇద్దరు మనుషులు పడుకునేది కూడా ఈ క్యాబిన్‌లోనే. భీమవరం శివార్లలో చేపల ప్యాకింగ్ షెడ్డుకి వెనకభాగం ఆనించి నిలబెట్టిన పన్నెండు టైర్ల లారీ ఇది. మధ్యాహ్నం మూడు దాటింది. ఎల్లుండి తెల్లవారేలోపు హౌరా మార్కెట్లో సరుకు దిగాలి. 1,100 కిలోమీటర్ల పైచిలుకు దూరం.

షెడ్డులో మిషను ఐసు దిమ్మల్ని నమిలేస్తున్న చప్పుడుకి పక్కవాడి మాట వినపడదు. శీలావతి, బొచ్చె విడివిడిగా తూకం వేసి పెట్టెల్లో సర్దుతున్నారు. అడుగున ఐసు, మీద చేప, మళ్లీ ఐసు. పండగ రోజుల్లో చెరువుల మీద పట్టుబడులు పల్చబడ్డాయి, వల లాగేవాళ్లకీ పండగే కదా. ఇవాళ అందరూ ఒక్కసారే వలలు దింపారు. దాంతో లారీలకి గిరాకీ.

డ్రైవరు సంక్రాంతికి ఇంటికెళ్లి ఇవాళే వచ్చాడు. నలభై దాటిన మనిషి, కొత్త చొక్కా మడతలు ఇంకా పోలేదు. కనుమనాడు కాకైనా కదలదు గనక ఓనరు ఆ ఒక్కరోజూ ఊరుకున్నాడు. ముక్కనుమ పొద్దుటి నుంచి ఫోన్లే ఫోన్లు. అరిసెల డబ్బా పడక మీద పెట్టాడు గానీ తను ఎక్కలేదు. ఇనపరాడ్డు తీసుకుని బండి చుట్టూ బయల్దేరాడు.

మీరూ దిగి వెంట నడవండి. రాడ్డుతో ఒక్కో టైరూ కొడుతున్నాడు. ఖంగుమంటే గాలి సరిపడా ఉన్నట్టు. మెత్తగా దబ్బుమంటే అనుమానం. వెనక జంట టైర్లలో లోపలిదాంట్లో గాలి పోయినా పైకి కనపడదు, బయటిది బరువంతా మోసి బండిని నిలబెట్టేస్తుంది. పోనుపోను అదీ వేడెక్కి నడిరోడ్డు మీద పేలుతుంది. అందుకే ఇక్కడ కంటికన్నా చెవికి పని ఎక్కువ. ఒకచోట గొంతుక్కూర్చుని, రెండు టైర్ల మధ్య ఇరుక్కున్న రాయిని స్క్రూడ్రైవరుతో పెకలించి అవతల పారేశాడు.

అసలు కోపం క్యాబిన్‌లోకి వచ్చాక. ఇన్నాళ్లూ బండి తోలింది యాక్టింగ్ డ్రైవరు. ఎవరి బండికైనా రోజు కూలికి వెళ్లే మనిషి.

“ఎవడ్రా వీడు, స్టీరింగుని కౌగిలించుకుని తోలాడా?” అంటూ సీటుని వెనక్కి తన్నాడు. ఎడమ అద్దం ఆకాశాన్ని చూస్తోంది.

రెండో డ్రైవరు పాతికేళ్ల కుర్రాడు. “పొట్టాయన బాబాయ్. మంచోడే.”

“మంచోడే. క్లచ్చు తినేశాడు.”

పెడలు దాదాపు పైదాకా వస్తే గాని పట్టుకోవడం లేదు. అరక్లచ్చు మీద పాదం ఆనించి తోలేవాళ్ల చేతిలో బండి ఇలాగే అవుతుంది. సెలవు నుంచి వచ్చిన గుమస్తా కుర్చీ ఎక్కడిదక్కడే ఉంటుంది. లారీ డ్రైవరుకి ఆ భోగం లేదు. బండి ఆగినా ఈఎంఐ ఆగదు కాబట్టి మనిషి ఇంటికెళ్తాడు గానీ బండి వెళ్లదు. తిరిగొచ్చేసరికి దాని ఒంటికి వేరేవాడి అలవాట్లు పట్టి ఉంటాయి.

ఇంజను స్టార్టయినా కదలడు. గాలి బ్రేకుల బండి, ట్యాంకుల్లో గాలి నిండి ముల్లు పైకొచ్చేదాకా ఆగాల్సిందే. ఈలోగా తలుపులమ్మ తల్లి ఫొటోకి దండం, ముందు టైర్ల కింద నిమ్మకాయలు. హ్యాండ్‌బ్రేకు పుస్సుమంది.

అత్తిలి మీదుగా తణుకు. సన్న రోడ్డు, అటూ ఇటూ దాళ్వా నాట్లు పడ్డ చేలు, అత్తారిళ్ల నుంచి తిరుగు ప్రయాణమైన కార్లు. ముందు గడ్డి ట్రాక్టరు పాకుతోంది. ఎదర ఎవరూ లేరు. అయినా దాని వెనకే వెళ్తున్నాడు.

“దాటెయ్ బాబాయ్, ఖాళీయే కదా.”

“ఉండ్రా. ఇవాళ కంటికి దూరం తెలీట్లేదు.”

ఈ మాట ఏ ఓనరు ముందూ అనడు. సెలవు నుంచి వచ్చినవాణ్ణి ఒకట్రెండు ట్రిప్పులు దగ్గర దారిలో తిప్పాలన్న ఆలోచన ఈ వ్యాపారంలో ఎవరికీ రాదు, చేప ఆగదు మరి. మన వెనకాల ఐసు కరిగి రోడ్డు మీద ధార కడుతోంది. మోటారు సైకిలు మీద ఒకాయన పక్కకొచ్చి తిట్టి వెళ్లాడు. ఆయన తప్పేం లేదు, ఆ నీటి మీద చక్రం జారుతుంది.

సిద్ధాంతం దగ్గర వశిష్ఠ దాటేటప్పటికి పొద్దు కుంకింది. కుర్రాడు కిటికీలోంచి రూపాయి బిళ్ల గోదాట్లోకి విసిరాడు. రావులపాలెంలో అరటిగెలల లారీలు. గౌతమి వంతెన దిగి జొన్నాడ దాటాక, ఎదర సిమెంటు లారీ. ఈసారి డ్రైవరు అద్దం చూశాడు, డిప్పరు కొట్టాడు, ఒక గేరు తగ్గించి కుడికి లాగాడు. సిమెంటు లారీ తలుపు మీ మోచేతి పక్కనుంచే వెనక్కి జారిపోయింది. అప్పుడు మొదటిసారి సీటుకి వీపు ఆనించి, “అరిసెలు తియ్యరా” అన్నాడు.

అన్నవరం తొలి పావంచా దగ్గర ఆగితే తొమ్మిదవుతోంది. హుండీలో చిల్లర, ఆకులో ప్రసాదం, మొహం మీద చన్నీళ్లు. 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకి 8 గంటలే పని అంది, 5 గంటలు దాటకుండా అరగంట విశ్రాంతి ఇవ్వాలంది. ఆ అరగంట ఇక్కడ ప్రసాదం తినేంతసేపు. తుని దగ్గర ఎడమవైపు చీకట్లోకి, లోవలో ఉన్న తలుపులమ్మకి, స్టీరింగు మీంచే ఒక దండం.

అనకాపల్లి దగ్గర ఎడమకి తిరిగితే విశాఖ ఊళ్లోకి వెళ్లక్కర్లేదు. సబ్బవరం మీదుగా ఆరు వరసల బైపాస్, తేలేది ఆనందపురంలో. అక్కడ టీకొట్టు ముందు దిగండి, కాళ్లు సాగదీయండి. ఇక్కణ్ణుంచి కుర్రాడి వంతు. గ్లాసు చేతికి రాగానే ఫోను మోగింది.

“ఎక్కడున్నావు?”

“శ్రీకాకుళం వచ్చేస్తున్నామండి.”

“మరి నా ఫోన్లో ఆనందపురం చూపిస్తోందేంటి?”

డ్రైవరు ఫోను వంక చూశాడు, లారీ వంక చూశాడు.

“నువ్వు పండక్కెళ్లినప్పుడు జీపీఎస్ పెట్టించాన్లే. టీ తాగే కదులు.”

“ఆయ్, అలాగేనండి.” ఫోను జేబులో పెట్టి కుర్రాడి మీదకి తిరిగాడు. “ముందే చెప్పొద్దురా?”

“నువ్వు క్లచ్చు గురించే అడిగావు బాబాయ్.”