ఆమ్లం కాస్త ఎక్కువ పడింది

1813 అక్టోబరు. ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ యుద్ధం జోరుగా సాగుతోంది. సరిగ్గా అప్పుడే హంఫ్రీ డేవీ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త భార్యనూ సహాయకుణ్నీ వెంటబెట్టుకుని, చిన్న పెట్టెలో ప్రయోగశాలను సర్దుకుని దర్జాగా పారిస్‌లో దిగాడు. శత్రుదేశపు మనిషికి రాకపోకల అనుమతి ఇచ్చింది సాక్షాత్తూ నెపోలియన్! అంతకు కొన్నేళ్ల ముందు, అదీ యుద్ధంలోనే, విద్యుత్తు మీద చేసిన పనికి ఫ్రెంచివాళ్లు ఇదే డేవీకి బహుమతి కూడా ఇచ్చారు. వీసా కోసం నెలల తరబడి పడిగాపులు పడే నేటి పరిశోధకులు వింటే నమ్మరు. ఆ సహాయకుడు 22 ఏళ్ల మైకేల్ ఫారడే. డేవీ నౌకరు శత్రుదేశానికి రానని మొండికేయడంతో పాపం ఆ చాకిరీ కూడా ఫారడే నెత్తినే పడింది.

నవంబరు 23న ఫ్రెంచి శాస్త్రవేత్త ఆంపియర్ మరో ఇద్దరితో కలిసి డేవీని చూడవచ్చాడు. నల్లగా మెరిసే పలుకులు కొన్ని ఇచ్చి, ఇవేమిటో చూడమన్నాడు. వేడి చేస్తే ముదురు ఊదారంగు ఆవిరి లేస్తుంది. చల్లని గాజుకు తగిలితే ఆ ఆవిరి మళ్లీ పలుకులుగా పేరుకుంటుంది.

వీటి పుట్టుక తుపాకిమందు దగ్గర మొదలైంది. మందుకు సురేకారం కావాలి. ఇంగ్లండుకు అది బెంగాల్, బీహార్‌ల నుంచి ఓడల్లో వచ్చిపడేది. ఫ్రాన్సుకు ఆ సముద్రపు దారి మూసుకుపోయింది. పాతగోడల మట్టి, పశువుల కొట్టాల మట్టి గోకి తెచ్చి కడిగేవారు. అందులో దొరికేది ఎక్కువగా కాల్షియం నైట్రేట్. దాన్ని సురేకారంగా మార్చాలంటే బూడిదలోని పొటాష్ కావాలి. కట్టెల బూడిదకు కరువొచ్చి, పారిస్‌లో సురేకారం బట్టీ నడిపే బెర్నార్ కూర్త్వా సముద్రపు నాచు బూడిద వాడుతున్నాడు. నార్మండీ, బ్రిటనీ తీరాల్లో నాచును ఎండబెట్టి, కాల్చి, బూడిద అమ్ముకునే కుటుంబాలు ఎన్నో ఉండేవి. 1811లో ఒకరోజు బూడిదనీళ్ల తొట్టెల అడుగున పేరుకున్న మడ్డిని వదిలించబోతే గంధకామ్లం కాస్త ఎక్కువ పడింది. గుప్పున ఊదా పొగ లేచింది.

పిల్లి దూకి సీసాలు పగలగొట్టిందని ఒక కథ ప్రచారంలో ఉంది. నాకైతే నమ్మకం లేదు. తొట్టెలు తోమే మనిషి చెయ్యి జారడానికి పిల్లి దేనికి?

కూర్త్వా చేతిలో డబ్బూ లేదు, తీరికా లేదు. పలుకులను మిత్రులు క్లెమాన్, దెజోర్మ్‌ల చేతిలో పెట్టాడు. సంగతి లోకానికి తెలిసేసరికి 1813 నవంబరు 29 అయింది. ఈలోగా డేవీ తన పెట్టె తెరిచాడు. ఆరేళ్ల కిందట తానే విడదీసిన పొటాషియంతో కలిపి ఆ పలుకులను వేడి చేశాడు. అవి లేత నీలి వెలుగుతో మండాయి. అప్పుడు 1807లో, పొటాష్‌లోంచి విద్యుత్తుతో తొలి పొటాషియం బిందువులు బయటపడ్డప్పుడు, డేవీ గదంతా గెంతాడని ఆయన బంధువు ఎడ్మండ్ రాశాడు. ఈసారి గెంతడానికి వ్యవధి లేదు, ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త గేలుసాక్ కూడా అదే పనిమీద ఉన్నాడు. మూడు వారాలు తిరక్కముందే ఇద్దరూ తేల్చారు, ఇది క్లోరిన్ లాంటి కొత్త మూలకమని. అదే అయోడిన్. ముందెవరన్న రగడ చాన్నాళ్లు నడిచింది.

ఆ రగడలో బట్టీ మనిషి వెనకబడిపోయాడు. కూర్త్వాకు 1831లో 6,000 ఫ్రాంకుల బహుమతి దక్కింది, 1838లో పేదరికంలోనే పోయాడు. నాచు కాల్చేవాళ్లు కొన్నాళ్లు అయోడిన్ మీదే బతికారు. తర్వాత చిలీ సురేకారం గనుల్లో అయోడిన్ చౌకగా దొరికేసరికి ఆ బతుకూ అయిపోయింది. మన పదో తరగతి మూలకాల పట్టికలో అయోడిన్ గడిలో 53 అనే అంకె మిగిలింది. ఆ నాచు, ఆ బూడిద, ఆ బట్టీ ఏవీ లేవు. ఇది నాకు బాధగానే ఉంటుంది.

అయోడిన్ తోబుట్టువుదీ ఇలాంటి కథే. 1826లో మోంపెలియేలో బలార్, ఉప్పు తీసేశాక మిగిలే చేదునీటిలోకి క్లోరిన్ పంపితే రంగు మారింది. అందులోంచి ముక్కు బద్దలయ్యే ఎర్రటి ద్రవం వచ్చింది, అదే బ్రోమిన్. అంతకుముందే జర్మనీలో లీబిగ్‌కు ఎవరో ఆ ద్రవం పంపితే, అయోడిన్ క్లోరైడ్ అని చీటీ అంటించి పక్కన పెట్టేశాడట. తర్వాత ఆ సీసాను తన పొరపాట్ల అలమారలో దాచుకున్నాడు. ఆ అలమార నాకు చాలా నచ్చింది.

లవణాల్లోంచి క్లోరిన్ బ్రోమిన్‌ను గెంటేస్తుంది, బ్రోమిన్ అయోడిన్‌ను గెంటేస్తుంది. పట్టికలో కిందికి దిగేకొద్దీ ఈ హాలోజన్ల కుటుంబం దూకుడు తగ్గుతుంది. క్షారలోహాలది ఎదురు వరస. నీళ్లలో వేస్తే లిథియం నెమ్మదిగా బుడగలు కక్కుతుంది, సోడియం కరిగి ముద్దై పరుగెడుతుంది, పొటాషియం అంటుకుంటుంది, సీజియం పేలిపోతుంది. పరమాణువు పెద్దదయ్యేకొద్దీ బయటి ఎలక్ట్రాన్ మీద కేంద్రకం పట్టు సడలుతుంది. వీధి చివరి గదిలో అద్దెకున్నవాడు ఇంటి యజమాని మాట విననట్టు. ఒక ఎలక్ట్రాన్‌ను వదిలించుకోవాల్సిన క్షారలోహానికి అది కలిసొస్తుంది. ఒకటి లాక్కోవాల్సిన హాలోజన్‌కు అదే అడ్డం. జర్మన్ రసాయన శాస్త్రవేత్త డాబరీనర్ 1829లో మూలకాలను మూడేసి చొప్పున త్రికాలుగా కట్టినప్పుడు ఈ కారణాలేవీ తెలియవు. పరమాణు భారాలు చూస్తే లిథియం 7, పొటాషియం 39, సగటు 23, అది సోడియం. క్లోరిన్, అయోడిన్‌ల సగటు ఇంచుమించు బ్రోమిన్ అయింది. ఆ లెక్కల్లోంచి మెండలీవ్ పట్టిక దాకా నలభై ఏళ్లు పట్టింది.

హాలోజన్లలో పైమెట్టున ఉన్న ఫ్లోరిన్ అందరికంటే మొండిది. బెల్జియంలో లూయే దాన్ని విడదీసే ప్రయత్నంలోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. 1886 జూన్ 26న ఫ్రాన్సులో మ్వాసాన్ పట్టేదాకా అది విడిగా ఎవరికీ చిక్కలేదు. విడిగా దొరకనిది రాళ్లలో బోలెడుంది. మన గ్రానైటు నేలల్లోని బోరునీళ్లలోకి ఫ్లోరైడుగా దిగి ఎముకలను వంచేసింది. 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు ప్రాంతం నుంచి వైద్యులు ఈ ఎముకల జబ్బు గురించి రాశారు, తర్వాత నల్లగొండ పేరు మోగిపోయింది. ఫ్లోరైడుకు విరుగుడుగా వచ్చిన పద్ధతిని బయటి దేశాల్లోనూ నల్గొండ టెక్నిక్ అనే అంటారు. కుండెడు నీళ్లలో సున్నం, పటిక వేసి బాగా కలిపి, మడ్డి అడుక్కి దిగాక పైతేట వంచుకోవడమే.